కనుమకు పనికిరాని చేప

దాతల విందు మర్నాడు న్యూయార్క్‌లోని మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చిన సందేశాన్ని మీరంతా చూసే ఉంటారు. ఇకపై ఇటువంటి విందులకు ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకురావద్దని, రెస్టారెంట్ మర్యాదలు పాటించడం సంఘం ప్రతిష్ఠకు అవసరమని. కింద జోడించిన చేతుల బొమ్మలు, లేచిన బొటనవేళ్ళు. ఆ వేళ్ళలో కొన్ని, కన్నవాళ్ళు పక్క గదిలో కూర్చుని సీరియల్ చూస్తుండగానే లేచి ఉంటాయి.

పేరు రాయకపోయినా అది ఎవరి గురించో బల్ల దగ్గరున్న వాళ్ళందరికీ తెలుసు. నరసాపురం నుంచి వచ్చిన మా మిత్రుడి తల్లి. మేమంతా పిన్నిగారు అంటాం. ఆవిడ చేసిన ఘోరం లాబ్‌స్టర్‌ను చేత్తో తినడం.

విందు గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కింద ఉన్న ఆయిస్టర్ బార్‌లో. 1913లో స్టేషన్‌తో పాటే మొదలైన చోటు. తల మీద పలకలు పేర్చి కట్టిన కమాను కప్పు, బల్లల మీద గళ్ళ గుడ్డలు. ఏ ఆయిస్టర్ (సముద్రపు ఆల్చిప్ప) ఏ తీరం నుంచి వచ్చిందో పేరుపేరునా అచ్చు వేసిన జాబితా ఇస్తారు: బ్లూ పాయింట్, వెల్‌ఫ్లీట్, మాల్పెక్. మన కార్యవర్గ సభ్యుడొకరు ఆ జాబితా చూసి "ఎంత నాగరికత!" అని మురిసిపోయారు. పులస చేప యానాం దగ్గర వలలో పడిందా, ఏటికి ఎదురీది ధవళేశ్వరం దాకా వచ్చిందా అని నిలదీసి అడిగి మరీ కొనే గోదావరి వాళ్ళ మధ్య పుట్టినాయనే ఆయన. ఊళ్ళో అది చాదస్తం, మన్‌హటన్‌లో నాగరికత.

పిన్నిగారి ముందు లాబ్‌స్టర్ పెట్టారు. ఆవిడ ఒకసారి తిప్పి చూశారు. తోకను ఒక చేత్తో, తలను ఇంకో చేత్తో పట్టుకుని మెలితిప్పితే రెండూ చప్పుడు లేకుండా విడిపోయాయి. పెద్ద డెక్కలను పటకారుతో ఒక్క నొక్కు, కండ చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. మిగతా వాళ్ళు వదిలేసే సన్న కాళ్ళను ఒక్కొక్కటే విరిచి, పళ్ళ మధ్య పెట్టి, ఆ చివరి నుంచి లాగారు. తల లోపలి పచ్చటి గుజ్జు దగ్గరికి వచ్చేసరికి, దాన్ని తినవద్దని ఆరోగ్య శాఖ సలహా ఉందని వెయిటర్ మర్యాదగా చెప్పాడు. కొడుకు ఆ మాట తెలుగులో చెప్పగానే పక్కన పెట్టేశారు. వెయిటర్ నిమ్మచెక్కలు, తడి గుడ్డలు తెచ్చి ఇచ్చాడు. అతనికి ఇందులో వింతేమీ కనిపించలేదు.

వింతగా చూసింది మనవాళ్ళే. పక్క బల్ల నుంచి ఒకావిడ "ఫోర్కు ఇవ్వండి ఆవిడకి" అని గట్టిగా అన్నారు. ఆ సమయంలోనే ఆవిడ భర్త ఆయిస్టర్‌ను చిప్పలోనే కత్తితో కోయడానికి తంటాలు పడుతున్నారు. చిప్పను చేత్తో ఎత్తి, అందులోని ఉప్పునీటితో సహా నోట్లోకి వంచుకోవడమే అక్కడి పద్ధతి. బల్ల మర్యాద తెలిసిన మనిషి ఆ పూట పిన్నిగారొక్కరే.

మన వైపు తప్పులు లేవని నేననను. రుచి చూడకముందే కారం అడుగుతాం. హ్యాండ్‌బ్యాగులో ఆవకాయ పొట్లం ఉంటుంది (ఇది మాత్రం నాకు తప్పుగా తోచదు). వెయిటర్‌ను చిటికె వేసి పిలిచే పెద్దమనుషులున్నారు. టిప్పు దగ్గర బేరాలాడే దాతలున్నారు, వేదిక మీద శాలువా కప్పించుకునేదీ వాళ్ళే. ఇవన్నీ ఇక్కడ ఇరవై ఏళ్ళుగా పాతుకుపోయిన వాళ్ళ అలవాట్లు. పిన్నిగారు తనకు వడ్డించిన వెయిటర్‌కు లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

నాకు ఇంకా మంట పుట్టించేది వేరే ఉంది. సంక్రాంతి సంబరాల్లో కనుమ భోజనానికి చేపల పులుసు పెడదామని ఎవరో ఒకరు ఏటా అడుగుతారు. ఏటా అవే జవాబులు: ముళ్ళు, వాసన, పిల్లలు తినరు. కోడి బిర్యానీతో సరిపెడతారు. మన హాల్లో నీచు అనిపించుకున్న చేప, మనిషికి నూరు డాలర్లు దాటేసరికి ప్రతిష్ఠ అయిపోయింది.

ఆ ప్రతిష్ఠ చరిత్ర కూడా చిత్రమైనదే. ఒకప్పుడు న్యూయార్క్‌లో ఆయిస్టర్లు వీధి బండ్ల మీద కూలీలు తినే చవక తిండి. రేవు నీళ్ళు మురికై, 1927 నాటికి ఇక్కడి ఆయిస్టర్ మడులు మూతపడ్డాయి. చవక సరుకు అపురూపమైంది. మనం గొప్పగా ఆర్డర్ చేసే రొయ్యల సంగతీ చెప్పాలి. అమెరికాకు రొయ్యలు ఎక్కువగా పంపే దేశాల్లో ఇండియా ఒకటి, ఆ రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్ర చెరువులది. భీమవరం రొయ్యను ఇక్కడ ఫోర్కుతో తింటే హోదా, భీమవరం మనిషి చేత్తో తింటే పరువు తక్కువ!

"పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అన్న మాట పుట్టిన నేల నుంచి వచ్చినవాళ్ళు, ఆరు నెలల కోసం వచ్చి అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర కూర్చుంటున్నారు. ఏడాదికొక విందు వాళ్ళకు లేకుండా చేయకండి. ఆ సందేశాన్ని వెనక్కి తీసుకోండి. క్షమాపణ గ్రూపులో వద్దు, పిన్నిగారికి ఫోను చేసి చెప్పండి. ఆవిడ ఇంకా కొడుకు దగ్గరే ఉన్నారు.

వచ్చే కనుమకు పులుసు పెట్టండి. జాక్సన్ హైట్స్‌లోని బంగ్లాదేశీ దుకాణాల్లో ఇలిష్ దొరుకుతుంది. గోదావరి నీళ్ళు తాగిన పులస కాదు గానీ జాతి అదే. ముందు రోజు రాత్రే వండి ఉంచాలి, తెల్లారితే గానీ ముక్కకు పులుపు పట్టదు. బెండకాయలు, పైన ఆవకాయ నూనె ఎలాగూ ఉంటాయి. పిల్లలకు ముళ్ళు తీసిపెట్టే బల్ల ఒకటి వేరుగా వేస్తే, అక్కడ కూర్చోవడానికి అమ్మమ్మలు, నాయనమ్మలు చాలామందే ఒప్పుకున్నారు. నేను అడిగి వచ్చాను. చేపల ఖర్చు నాది. హాలు అద్దెకు తీసుకునేటప్పుడు వంటగది కూడా కావాలని రాయించడం ఒక్కటే కార్యవర్గం పని.