కంచు పంతులుగారికి ఒక విన్నపం

అయ్యా, ట్యాంక్‌బండ్ మీద కొలువైన కందుకూరి వీరేశలింగం పంతులుగారి కంచు విగ్రహమా,

నమస్కారాలు. ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. ఈ ఉత్తరం మీకే గాని, మీరు ఎవరి రూపంలో నిలబడ్డారో ఆయనకు కాదు. ఆయనతో మాకు పొసగదు. 1848లో పుట్టి 1919లో పోయిన ఆ మనిషికి ఊరుకోవడం అన్నది చేతకాలేదు. మీకు 1986లో ప్రతిష్ఠించిన నాటి నుంచి అదొక్కటే చేతనవును. కంచు మోగుతుందంటారు గాని, మీరు మోగరు. మీలో మాకు నచ్చిన గుణం అదే.

ఆయన వరస వేరు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి లంచగొండి ఉద్యోగుల గుట్టంతా అచ్చు వేశారు. అదే ఏడు ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి తెరిచారు. అక్కడితో ఆగారా? వితంతు వివాహాల చట్టం 1856లోనే వచ్చింది. వచ్చింది కదా అని తెలుగునాడు పాతికేళ్ళు హాయిగా కూర్చుంది. ఈయన మాత్రం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో నిజంగానే పెళ్ళి జరిపించారు! చట్టాన్ని అలా వాడేయడం ఏం మర్యాద చెప్పండి? వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. దాన్ని మేము ఎంత భద్రంగా, చెయ్యి తగలకుండా చూసుకుంటున్నామో మీకు తెలియనిది కాదు.

ఆ పెళ్ళికి ఊరు కన్నెర్రజేసింది. వెలి వేశారు. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చి, వంట చేసి వడ్డించారు. సంస్కరణ ఆయనది, బిందె ఆవిడది. ఈ గట్టు మీద నిలబెట్టిన 33 విగ్రహాలలో ఆవిడ లేరు. తప్పు పట్టకండి, అది పొదుపు. బిందె మోసిన ప్రతి ఇల్లాలికీ కంచు పోయడం మొదలుపెడితే హుస్సేన్‌సాగర్ గట్టు ఏ మూలకు చాలుతుంది?

ఇక ఏప్రిల్ 16. మీ జయంతి నాడే తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా కావడం మా అదృష్టం. దండలు వేసేవారి నటనకు వేరే వేదిక అక్కరలేదు. ఒక చెవి దగ్గర ఫోనులో కొడుకు కట్నం బేరం నడుస్తుంటుంది, రెండో చేత్తో మీకు దండ పడుతుంది. ఆ తరువాత స్త్రీ జనోద్ధరణ గురించి ప్రసంగం. ఆయనే ఉండి ఉంటే ఆ ఫోను బేరాన్ని పొల్లుపోకుండా ప్రహసనంగా రాసి, వచ్చే సంచికలో వేసి, ఆ పెద్దమనిషికే చందా రసీదు పంపించేవారు. మీరు ఫొటోలో నిండుగా పడతారు. మాకు అంతకన్నా కావలసిందేముంది?

అందుకే ఈ విన్నపం. ఎప్పుడైనా నోరు తెరిచే ఉద్దేశం ఉంటే దయచేసి కాస్త ముందుగా కబురు చేయండి. దండలకు బయానా ఇచ్చేలోపే వేరే విగ్రహాన్ని చూసుకోవాలి. గట్టు మీద ఇంకా చాలామంది ఉన్నారు.

ఇట్లు,
ఏటా నిచ్చెన పట్టుకునే మీ అభిమాని