ఎగరడం రాదు, అయితే ఏంటట?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డెన్వర్ జట్టుకు ఆడే సెర్బియా ఆటగాడు నికోలా యోకిచ్ ఆట మొదటిసారి చూసినవాళ్లకు నవ్వొస్తుంది. పెళ్లి భోజనం చేసి బస్సు వెంట పడ్డ పెద్దమనిషి పరుగు అతడిది. గాల్లోకి లేచాడంటే పాదాల కింద రెండు దినపత్రికలు పడతాయేమో. 6 అడుగుల 11 అంగుళాల సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగాడు, ఇలా ఉండటం వింతే, ఒప్పుకుంటాను. కానీ దాన్ని లోపాల ఖాతాలో రాసేవాళ్లతోనే నా తగాదా.

2014 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, డెన్వర్ అతణ్ని 41వ ఆటగాడిగా తీసుకుంటున్నప్పుడు టీవీలో టాకో బెల్ అనే ఫాస్ట్‌ఫుడ్ ప్రకటన నడుస్తోంది. తర్వాతి కథ మీకు తెలిసిందే: సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డులు మూడు, 2023లో డెన్వర్‌కు తొలి టైటిల్. టైటిల్ తేల్చే ఆ ప్లేఆఫ్స్‌లో మొత్తం పాయింట్లు 600, రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం) 269, అసిస్టులు (బుట్టలో పడే షాట్‌కు ముందు అందించిన పాస్‌లు) 190. మూడింటిలోనూ అతడే ముందు. అంతకుముందు ఏ ప్లేఆఫ్స్‌లోనూ ఎవరికీ ఇది కుదరలేదు.

ఎలా కుదిరింది? డిఫెండర్ల ఒళ్లు ఎగిరేవాళ్లకు అలవాటు పడి ఉంటుంది. యోకిచ్ ఎగరడు, ఆగుతాడు. ఎదుటివాడు లేచి కిందికి దిగుతుంటే, అప్పుడు తీరిగ్గా వేస్తాడు. ఒంటికాలి మీద వెనక్కి వాలి వేసే ఆ వంకర షాట్‌కు సొంతూరి పేరే పెట్టారు, సోంబోర్ షఫుల్ అని. పాసింగ్ సంగతి చెప్పాలంటే ఈ చోటు చాలదు. బంతిని ఒంటిచేత్తో తలపైన పట్టుకుని, వాటర్ పోలో ఆడుతున్నట్టు విసురుతాడు. సహచరుడు ఆరన్ గోర్డన్ రింగు దగ్గరికి చేరకముందే బంతి బయల్దేరిపోతుంది. మరో సహచరుడు జమాల్ మర్రేకు బంతి అందించే నెపంతో అడ్డు నిలబడితే, డిఫెన్స్ ఎవరి వెంట పడినా రెండోవాడు ఖాళీ. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులన్న సామెత ఈ పొడుగాటి మనిషి దగ్గర తిరగబడింది. 2024-25లో సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు. మూడింటిలోనూ పది దాటితే ట్రిపుల్ డబుల్ అంటారు; అంతకుముందు సీజనంతా ఆ సగటు నిలిపిన ఆస్కార్ రాబర్ట్‌సన్, రసెల్ వెస్ట్‌బ్రూక్ ఇద్దరూ గార్డులే, అంటే బయటినుంచి బంతి నడిపేవాళ్లే. సెంటర్లలో ఇతడే మొదటివాడు.

డిఫెన్స్ మాటేమిటంటారా? నిజమే, రింగును కాపలా కాయలేడు. చురుకైన గార్డులు అతణ్ని బయటికి లాగి పక్కనుంచి దూసుకుపోతారు. అయితే చేతులు చురుకు, బంతుల్ని తట్టి పడేస్తాడు. అవసరమైతే ఎదుటివాళ్ల పాస్‌కు కాలు అడ్డంపెట్టి, నిబంధన తప్పైనా ఆట ఆపేస్తాడు. ఎదుటి జట్టు షాట్ తప్పితే రీబౌండ్ అతడి చేతిలోనే. ఆ లోటుకు ఈ లాభం చాలు.

నన్ను కుదిపేది మరో పేరు. యోకిచ్ తర్వాతి ఏడాదే, 2015లో, పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్ భమరాను డల్లాస్ 52వ ఆటగాడిగా తీసుకుంది. ఏడడుగుల రెండంగుళాలు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తప్పు అతడిది కాదంటాను. మన దగ్గర ఆటగాడిని వెతకడమంటే టేపు పట్టుకోవడమే. హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా బడిలో డ్రిల్ మాస్టారు వరుసలో చివర నిలబడ్డ పొడుగు పిల్లాణ్ని పిలుస్తాడు. రింగు కింద నిలబెడతాడు, చేతులు పైకెత్తమంటాడు. బంతి మాత్రం ఇవ్వడు.