చెయ్యెత్తితే ఆగే రైలు

సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. నౌపడ ఉప్పు మడులు మొదటి రోజే చూసేశాడు. రెండో రోజుకి మా టెక్కలి వైపు చూపించడానికి నాకు మిగిలింది, ఊరవతల గెడ్డ మీద ఉన్న పాత రైలు వంతెన. గెడ్డ అంటే ఇప్పుడు చిన్న వాగు. వానాకాలంలో అదే ఏరు, గట్టు మీది గేదెల్ని కూడా అడక్కుండా తీసుకుపోతుంది.

వంతెన ఎక్కగానే నాకు ఉపన్యాసం పూనింది.

"ఒరేయ్, ఇది పర్లాకిమిడి రాజుగారు వేయించిన లైను. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా నడిచింది. 1931కల్లా గుణుపూర్ చేరింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే."

"మన ఫ్రిజ్ అంతే కదా మావయ్యా!"

"బుల్లి రైలురా. మా నాయనమ్మ చెయ్యెత్తితే ఆగేదట. ఆవిడ గుమ్మడికాయలు దింపుకునేదాకా డ్రైవరూ ఆవిడా చెరో చుట్టా కాల్చుకునేవారట." (ఇందులో చుట్ట మాత్రం నిజమని నేను పూచీ పడగలను.) "2004లో ఆపేశారు. ఇప్పుడు పెద్ద రైలు అదుగో, ఆ పక్క వంతెన మీద వెళ్తుంది. దీని మీదికి ఈ జన్మలో రైలు రాదు. ధైర్యంగా నడు."

నేనే ముందు నడిచాను. స్లీపర్ల సందుల్లోంచి కింద నీళ్లు కనబడుతుంటే ఉపన్యాసం కాస్త నెమ్మదించింది.

సరిగ్గా నడిమధ్యకి వచ్చేసరికి వెనక నుంచి పెద్ద కూత.

2004లో ఆపేశారన్న సంగతి బుర్రకి గుర్తుంది. కాళ్లకి ఎవరూ చెప్పలేదు. నాలుగంగల్లో ఎడమ చెప్పు సందులోంచి గెడ్డలో పడింది. ఐదో అంగకి కొత్త పంచె ఏదో బోల్టుకి తగులుకుంది. ఇక ముందుకీ లేదు, వెనక్కీ లేదు. అప్పుడు నాలో నాయనమ్మ రక్తం మేలుకుంది. వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఎత్తి, "ఆపండి! ఆపండి!" అని అరిచాను.

గుణుపూర్ పాసింజరు పక్క వంతెన మీద తాపీగా వెళ్లింది. తలుపుల దగ్గర నిలబడ్డవాళ్లు పండగ పలకరింపు అనుకున్నట్టున్నారు, అందరూ చేతులూపారు. ఒక ముసలాయన దండం కూడా పెట్టాడు.

మేనల్లుడు ఒడ్డున ఉన్నాడు, ఫోన్ నా వైపే పట్టుకుని.

"నువ్వెప్పుడు వెనక్కెళ్లావురా?"

"2004 దగ్గరే మావయ్యా."

కింద గేదెల్ని కడుగుతున్న తాత నా చెప్పుని కర్రతో పైకెత్తి చూపించాడు.

"ఏటి బాబూ, రైలాపుతున్నావా? చెయ్యెత్తితే ఆగిన రైలు ఎప్పుడో పోనాది. టేషనుకెళ్లి టిక్కెట్టు తీసుకో. ఆ రెండో చెప్పు కూడా ఇలగ ఇసిరీ, జత సేసి గట్టు మీదెడతాను."