ఆ మూడు రివెట్లు పీకాలా, వద్దా?

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా ఫ్రెండ్ గరాజ్. కార్లు రెండూ బయట ఎండలో ఉన్నాయి. లోపల, విడిభాగాలు కొని మనమే కట్టుకునే వ్యాన్స్ కంపెనీ ఆర్‌వీ-7 కిట్ విమానం తోక. రెక్కల దాకా ఇంకా రాలేదు. తోకలోని అడ్డ రెక్క రేకు మీద వరసగా మూడు రివెట్ల చుట్టూ సన్నటి సొట్టలు పడ్డాయి. రివెట్ గన్ కొట్టింది వాడు, వెనక ఇనుప దిమ్మ పట్టింది నేను. అందుకే ఈ వాదనకి నేను జడ్జిని కాను, ముద్దాయిని. బెంగళూరులో ఓ విమానాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు షీట్ మెటల్ ఫిట్టర్‌గా చేసి రిటైరైన వాళ్ల మావయ్య, మూడు నెలల కోసం వచ్చి ఉన్నారు.

అల్లుడు: మూడూ పీకేస్తాను మావయ్యా. ఆ ట్యూబ్‌లైట్ నీడ చూడండి. రేకు మీద గీత గీసినట్టు వచ్చి ఇక్కడికి రాగానే వంకర తిరుగుతోంది. పెయింట్ వేశాక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మావయ్య: కనిపిస్తే కనిపించనీ. లోపల, దెబ్బకి కాడ అణిగి వచ్చిన తల చూశావా? కాడ మందానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు. అది ఉందా?

అల్లుడు: గేజ్ పెట్టి చూశాను. మూడూ పాస్.

మావయ్య: పాసైనవాణ్ణి మళ్లీ పరీక్షకి కూర్చోబెడతావా? రివెట్ పీకడమంటే ఏమనుకుంటున్నావు? తల మధ్యలో డ్రిల్ పెట్టాలి, తల లోతు దాకే వెళ్లాలి, పంచ్‌తో తల విరిచి, వెనక దిమ్మ ఆనించి కాడని తట్టాలి. డ్రిల్ ఒక్క వెంట్రుకవాసి పక్కకి జారిందా, బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. మిల్లీమీటరు కూడా లేని రేకది.

అల్లుడు: దానికీ రివెట్లున్నాయి. ఊప్స్ రివెట్లంటారు ఇక్కడ. తల చిన్నదే, కాడ మాత్రం ఒక సైజు పెద్దది. పెద్దదైన బెజ్జంలో సరిపోతుంది.

మావయ్య: మందు ఉంది కదా అని జ్వరం తెచ్చుకుంటామా?

(నాకు నవ్వొచ్చింది. ముద్దాయికి నవ్వే హక్కు లేదని ఆపుకున్నాను.)

అల్లుడు: నునుపు అందం కోసమే కాదు మావయ్యా. 1935లో హోవర్డ్ హ్యూస్ హెచ్-1 విమానం గంటకి 352 మైళ్లతో రికార్డు కొట్టిందంటే, రేకుకి సమంగా కూర్చున్న రివెట్లు కూడా ఒక కారణమే కదా.

మావయ్య: అది రేసు విమానం. నీది గంటకి రెండొందల మైళ్లది. అదీ తోకలో, ముందు అంచుకి ఇంత వెనక. గాలి అక్కడికి వచ్చేసరికే సుడులు తిరుగుతూ ఉంటుంది. నీ సొట్టని అది పట్టించుకోదు.

అల్లుడు: సరే, స్పీడ్ సంగతి వదిలేద్దాం. సొట్ట ఎందుకు పడిందో తేలకపోతే రెక్కల్లో వేల రివెట్లకీ ఇదే గతి. ఇప్పుడు గన్‌దే తప్పంటారా?

మావయ్య: గన్‌ది కాదు, మనుషులది. వీడు డాలీని, అదే ఆ ఇనుప దిమ్మని, బలంగా నెట్టాడు, నువ్వు గన్ వదులుగా పట్టావు. గన్ నొక్కుడు ఎప్పుడూ ఎక్కువుండాలి. లేకపోతే డాలీ రివెట్ తలని పైకి లేపుతుంది, గన్ దాన్ని రేకుతో సహా కొడుతుంది. ఇంకొకటి, ప్రెషర్ మరీ తగ్గించి టకటకా చాలాసేపు కొట్టావు. ఆ దెబ్బలకి రివెట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత అణగాల్సింది అణగదు, రేకు అణుగుతుంది.

అల్లుడు: మరి పక్క వరసలో అదే గన్, అదే మనిషి. అక్కడ ఒక్క సొట్టా లేదు. తేడా డింపుల్‌లో ఉంది, అదే రివెట్ తల సమంగా కూర్చోడానికి బెజ్జం చుట్టూ నొక్కే గుంటలో. ఆ వరసకి రేకుని సీ ఆకారపు ఫ్రేమ్‌లో పెట్టి సుత్తితో కొట్టాం. ఈ మూడింటికీ ఫ్రేమ్ అందక, చేత్తో నొక్కే స్క్వీజర్ వాడాం.

మావయ్య: నొక్కుడు చాలే. డింపుల్ డింపులే.

అల్లుడు: చూద్దాం రండి.

ఇద్దరూ రేకు ముక్క తీసుకున్నారు. రెండు బెజ్జాలు, అంచుల గరుకు తీశారు. ఒకటి స్క్వీజర్‌తో, ఒకటి సుత్తితో. ట్యూబ్‌లైట్ కింద వంచి చూస్తే సుత్తి డింపుల్ అంచు దాకా నీడ నిటారుగా వచ్చి గబుక్కున లోపలికి దిగింది. స్క్వీజర్ డింపుల్ చుట్టూ పళ్లెంలా చిన్న పల్లం. గన్ ముట్టుకోకముందే పల్లం! డైలు, అంటే డింపుల్ నొక్కే అచ్చులు, రెండూ పూర్తిగా కలవలేదన్నమాట. మావయ్య బొటనవేలితో రెండుసార్లు తడిమారు.

మావయ్య: ఊఁ. ఈ పాయింట్ నీదే. మా దగ్గర దీనికి వేరే మిషను, వేరే మనిషి. నా దాకా వచ్చేసరికి డింపుల్ అయిపోయి ఉండేది.

అల్లుడు: అయితే పీకనా?

మావయ్య: కారణం దొరికింది, పీకే కారణం దొరకలేదు. ఇకమీద ఫ్రేమ్ అందని చోట గట్టి స్క్వీజర్ తెచ్చుకో. చుక్కానికి లోపలి పట్టీలు ఉంటాయిగా, వాటికి రేకుని ఇనుప పలక మీద బోర్లించి, వెనక నుంచి కొట్టు. పైన నునుపు దానంతటదే వస్తుంది.

అల్లుడు: చుక్కాని సరే. ఈ మూడూ నన్ను రోజూ చూస్తుంటాయి మావయ్యా.

మావయ్య జవాబివ్వకుండా పళ్ల డాక్టర్ అద్దం లాంటిది తీసుకుని రేకు వెనక్కి పెట్టారు. మూడింటినీ దాటి నాలుగో దాని దగ్గర ఆగారు. బయటి నుంచి చూస్తే ఆ వరసలోకల్లా అందమైన రివెట్ అదే, ఎవరూ గేజ్ పెట్టలేదు. లోపల తల ఒక పక్కకి ఒరిగి, అంచు రేకుని తాకుతోంది. నేను దిమ్మ వంకరగా పట్టింది ఇక్కడే.

మావయ్య: పీకాలని చెయ్యి దురదగా ఉందిగా. ఇదిగో, దీన్ని పీకు.

అల్లుడు: ఆ మూడు?

మావయ్య: ముందు దీన్ని చెడగొట్టకుండా తియ్యి, చూద్దాం.

వాడు సెంటర్ పంచ్ చుక్క పెట్టి, డ్రిల్ మెల్లగా తిప్పాడు. రివెట్ తల ఉంగరంలా బిట్‌కి చుట్టుకుని పైకి వచ్చింది. కాడ కిందపడి ఎటో దొర్లింది. బెజ్జం గుండ్రంగానే ఉంది. కొత్త రివెట్ పెట్టాక నేను దిమ్మ కోసం చెయ్యి చాపాను. అది అప్పటికే మావయ్య చేతిలో ఉంది.