52 వేల గేర్ సెలెక్టరూ, తుప్పు పట్టిన బోల్టూ

మా కర్నూలు షోరూం అన్నలకు కోపమొచ్చినా సరే, ఈ పోస్టు పెట్టాల్సిందే. కారుకు స్కానర్ తగిలించి, అది చూపే తప్పు కోడ్ చదివితే రిపేరు తెలిసిపోయినట్టేనా? మూడు వారాలు తిరిగి, చేతికొచ్చిన బిల్లు తప్పించుకున్నాక అడుగుతున్నా.

మేలో మహానంది పోయి వస్తా, ఓర్వకల్లు దగ్గర టీ కొట్టు ముందు ఆపినాం. ఇంజన్ ఆపినా గానీ, వెనక పిల్లలకు ఉక్కపోస్తాదని ఏసీ ఫ్యాన్ ఫుల్లులోనే ఉంచినా. టీ తాగి స్టార్ట్ చేస్తే ఇంజన్ అందుకుంది, గేర్ మాత్రం పి (పార్కింగ్) లోంచి కదల్లేదు. గేర్ సిస్టమ్ చెక్ చేయించుకోమని తెర మీద మెసేజ్. వెనక లారీ ఆయన హారన్ మీద చెయ్యి తీయడు. పాత కారైతే న్యూట్రల్ చేసి నలుగురం తోసేవాళ్లం. దీంట్లో గేర్ మార్చే నాబ్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య కేబులే లేదు. నాబ్ తిప్పితే డి (ముందుకు) అనో ఆర్ (వెనక్కి) అనో వైర్ల మీద కబురు పోతుంది, అంతే. కబురు అందకపోతే బండి బండరాయే. ఆఫ్ చేసి కాసేపాగి మళ్లీ చూస్తే, ఏమీ ఎరగనట్టు కదిలింది.

షోరూంలో వచ్చిన కోడ్ యు 0103. గేర్ సెలెక్టర్ మాడ్యూల్‌తో, అంటే ఆ నాబ్ కబురు పంపే ఎలక్ట్రానిక్ భాగంతో, మాటలు తెగిపోయాయని దానర్థం. "సెలెక్టర్ పోయింది సార్, అసెంబ్లీ మొత్తం మార్చాలి, ప్రోగ్రామింగ్‌తో కలిపి 52 వేలు" అన్నాడు అడ్వైజరు. మీటరు తీసి ఒక్క వైరు చూసిన పాపాన పోలేదు. ఫోన్ ఎత్తలేదంటే అవతలి మనిషి చచ్చిపోయినట్టా? చార్జింగ్ అయిపోయుండచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. ఎవరు పలకలేదో కోడ్ చెబుతుంది, ఎందుకు పలకలేదో మనమే చూసుకోవాల. నేనూ తెలివిగలవాణ్ణే కదా, పార్టుకు 5 వేలు అడ్వాన్సు కట్టేసి వచ్చినా.

బళ్లారి చౌరస్తా దగ్గర ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడంటే పోయినా. స్కానర్ కంటే ముందు నోరు తెరిచినాడు. "ఎప్పుడొస్తాదన్నా ఈ మెసేజ్? బండి పోతా ఉంటేనా, ఆపి స్టార్ట్ చేసేటప్పుడా? అప్పుడు ఏమేం ఆన్‌లో ఉంటాయి?" షోరూంలో ఎవరూ అడగని మాట.

బ్యాటరీ 12.4 వోల్టులు, బాగుంది. తర్వాత టెర్మినల్ విప్పి, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్లో 6, 14 పిన్నుల మధ్య మీటరు పెట్టినాడు. 60 ఓములు. "మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల జత, ఈ క్యాన్ లైనుకు రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టరు ఉంటాదన్నా, రెండూ కలిస్తే 60. 120 చూపిస్తే ఒక కొస తెగినట్టు, సున్నా దగ్గర్లో ఉంటే రెండు వైర్లూ అంటుకున్నట్టు. ఈడ లైను బాగుండాది."

టెర్మినల్ మళ్లీ బిగించి, నాబ్ ఉండే కన్సోల్ విప్పినాడు. సెలెక్టర్ కప్లర్ (వైర్ల ప్లగ్గు) ఊడబీకకుండానే వెనక నుంచి ఎర్త్ వైరులోకి సన్నని సూది దించి, రెండో ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద పెట్టినాడు. ఫ్యాన్ ఆఫ్‌లో 0.05 వోల్టు. ఫ్యాన్ ఫుల్ పెట్టమన్నాడు. 3.1 వోల్టులు! ఎర్త్ బాగుంటే ఇది సున్నా దగ్గర్లో ఉండాలంట, పాయింట్ ఒకటి దాటితేనే అనుమానించాలంట.

సంగతేందంటే ఫ్యాన్‌కూ సెలెక్టర్‌కూ ఎర్త్ ఒకే బోల్టు మీద. ఆ బోల్టు దగ్గర పట్టు సరిగ్గా లేదు. ఫ్యాన్ కరెంటంతా ఆడ ఇరుక్కుంటే సెలెక్టర్‌కు మిగిలేది తొమ్మిది వోల్టులే, ఇంకేం పలుకుతుంది? బండి ఆపి ఓములు కొలిస్తే ఇది చేతికి దొరకదు, కరెంటు పారేటప్పుడే బయటపడుతుంది. షోరూంలో చల్లగా ఏసీ గదిలో ఫ్యాన్ ఆపి చూస్తే ఏం కనపడతాది!

ఎడమ పక్క కార్పెట్ ఎత్తితే కింద తడి. ఏసీ నీళ్లు పోయే గొట్టం దుమ్ముతో పూడుకుపోయి, నీళ్లన్నీ లోపలికే కారి బోల్టుకు తుప్పు పట్టింది. కారులో ముక్కిన వాసనొస్తోందని మా ఆవిడ రెండు నెలలుగా మొత్తుకుంటే సెంటు డబ్బీ తగిలించినా. గాలి మందంగా వస్తోందని ఫిల్టర్ కూడా మార్పించినా. అన్నీ ఆ గొట్టం, ఆ బోల్టు గోలే.

గరుకు కాగితంతో రుద్ది, బిగించి, గ్రీజు పూసి, గొట్టంలోకి గాలి కొట్టి 700 తీసుకున్నాడు. సెలెక్టర్లు అసలు పోవని నేననను, కాఫీ ఒలికితే పోవచ్చు. పవరు, ఎర్త్, లైను మూడూ చూసి అప్పుడు మార్చమంటే నోరు మూసుకుని కడతా.

అడ్వాన్సు కట్టిన 5 వేలు మాత్రం ఇంకా రాలేదు. "పార్టు ఆర్డర్ పెట్టేసినాం సార్" అంటున్నారు. సోమవారం మళ్లీ పోతున్నా.