పాత విమానానికి నోరు లేదనకండి

భోగాపురం ఎయిర్‌పోర్ట్ పనులు మొదలైనప్పటి నుంచి మా విజయనగరంలో ఏ పెళ్లికి వెళ్లినా నన్నడిగేది ఒకటే: "బాబూ, ఆ పాత చిన్న విమానాల్లో ఇంజన్ ఆగిపోతే ఎలా?"

నాకు ఇంజన్ అంటే భయం లేదు, స్టాల్ అంటే ఉంది. ఇంజన్ బ్రహ్మాండంగా తిరుగుతున్నా రెక్క పని మానేయొచ్చు. గాలికి రెక్క ఎదురయ్యే కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటితే, పైన అంటిపెట్టుకుని పారే గాలి చెదిరిపోతుంది. విమానం జారిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు.

దాన్ని ముందే చెప్పడానికి సెస్నా 152 అనే రెండు సీట్ల ట్రైనింగ్ విమానంలో ఉన్న ఏర్పాటు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కరెంటు అక్కర్లేదు. ఎడమ రెక్క ముందంచున చిన్న రంధ్రం, లోపల గొట్టం, దాని చివర హార్మోనియంలో ఉండేలాంటి రీడ్. కోణం పెరిగితే రంధ్రం దగ్గర ఒత్తిడి తగ్గి గొట్టంలో గాలిని లాగుతుంది, రీడ్ మోగుతుంది. స్టాలయ్యే స్పీడుకి 5 నుంచి 10 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) ముందే మొదలవుతుంది. దీన్నే హారన్ అంటాం. పద్యనాటకాలకు హార్మోనియం వాయించే మా మావయ్యకి ఇది చెబితే రెండు నిమిషాల్లో అర్థం చేసుకున్నాడు.

ఎగరకముందు ఆ రంధ్రానికి రుమాలు అడ్డం పెట్టి నోటితో గాలి పీలిస్తే హారన్ మోగాలి. ఈ చెకప్ నాకెవరూ చూపించలేదు. ట్రైనింగ్‌లో ఒక ఉదయం పవర్ తగ్గించి, ముక్కు ఎత్తి, హారన్ కోసం చూస్తున్నాను. రాలేదు. సీటు కింద వణుకు మొదలైంది. చేతిలో కంట్రోల్ నీళ్లలో గరిటెలా మెత్తబడింది. నేనింకా హారన్ కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను! పక్కన ఇన్‌స్ట్రక్టర్ "ముక్కు దించు!" అని అరిస్తే గానీ చెయ్యి కదల్లేదు. దిగి చూస్తే రంధ్రంలో కందిరీగ కట్టిన మట్టిగూడు.

ఆ వణుకే అసలు హెచ్చరిక. రెక్క మీద చెదిరిన గాలి వెళ్లి తోకకు తగలడం వల్ల వస్తుంది. 1930ల చివర్లో వచ్చిన పైపర్ జె-3 కబ్ అనే చిన్న విమానంలో హారనే లేదు, పైలట్లు ఆ వణుకుని, మెత్తబడ్డ కంట్రోల్ కర్రని నమ్ముకునే ఎగిరారు. అన్ని పాత విమానాలూ ఇంత మర్యాదగా చెప్పవు, కొన్ని ఒక రెక్కని ఉన్నట్టుండి పడేస్తాయి. పైపర్ వాళ్లవే తొలినాటి చెరోకీ విమానాల్లో హారన్ బదులు ఎర్ర బల్బు వెలుగుతుంది. దిగేటప్పుడు కళ్లు రన్‌వే మీద ఉంటాయి కదా, బల్బు ఎవరు చూస్తారు? నాకది అస్సలు నచ్చదు.

పైగా స్టాల్ తక్కువ స్పీడులోనే వస్తుందనుకుంటారు. తిన్నగా వెళ్తూ 50 నాట్ల దగ్గర స్టాలయ్యే విమానం, ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాల్చి తిప్పితే 70 నాట్ల దగ్గరే స్టాలవుతుంది. నేలకి దగ్గరగా, రన్‌వే వైపు చివరి మలుపులో జరిగితే సర్దుకునే ఎత్తుండదు.

అందుకే "హారన్ మోగింది, రికవర్ అయ్యాం, టిక్" అనే ట్రైనింగ్ పద్ధతి మీద నాకింత కోపం. హారన్ ఉండాల్సిందే. కానీ తగినంత ఎత్తులో, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా, హారన్ దాటాక వచ్చే వణుకు, ముక్కు దానంతటదే పడిపోవడం కూడా పిల్లల చేతికి తెలియాలి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి పిల్లల్ని పైలట్ ట్రైనింగ్‌కి పంపే తల్లిదండ్రులూ, లక్షలు కట్టే ముందు అడగండి: పూర్తి స్టాల్ ఎన్నిసార్లు చేయిస్తారు?