పిల్లి మెడలో చిప్: ఫోన్‌లో కనిపించదు, ఇంట్లో ఉన్నా తప్పదు

ఇంగ్లండ్‌లో పిల్లిని పెంచుకునేవాళ్ల మధ్య తిరుగుతున్న ఫార్వర్డ్ సారాంశం ఇది: "చిప్ వేయిస్తే చాలు, పిల్లి తప్పిపోయినా ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది. గడప దాటని పిల్లికి అక్కర్లేదు. చిప్ లేకుండా దొరికితే అక్కడికక్కడే 500 పౌండ్లు. ఇండియాలో వేయించిన చిప్ ఇక్కడ చెల్లదు." ఈ నాలుగూ తప్పే. మొదటిది మరీ చేటు. అది నమ్మినవాళ్లు అసలు పని, అంటే వివరాల నమోదు, వదిలేస్తారు.

ఫోన్‌లో ఏమీ కనిపించదు. చిప్‌లో బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు. సుమారు 12 మిల్లీమీటర్ల గాజు గొట్టంలో ఓ సన్నని తీగచుట్ట, 15 అంకెల నంబరు ఉంటాయి. స్కానర్ 134.2 కిలోహెర్ట్జ్ తరంగం పంపితే, ఆ శక్తితోనే చిప్ తన నంబరు చెబుతుంది. అదీ స్కానర్ దాదాపు ఒంటికి ఆనేంత దగ్గరికి వస్తేనే. చిప్‌ను మెడ వెనక, రెండు జబ్బల మధ్య చర్మం కింద పెడతారు. కొన్నింటిలో అది జారి ఛాతీ దగ్గరికో ముంగాలి దగ్గరికో చేరుతుంది. అప్పుడు మెడ మీద ఒక్కసారి గబుక్కున తిప్పి "చిప్ లేదు" అనేస్తే పొరపాటే. లోహపు బిళ్ల ఉన్న పట్టీ తీసేసి, వీపు పొడవునా, రెండు పక్కలా, ముంగాళ్ల మీదుగా నెమ్మదిగా తిప్పాలి.

స్కానర్ తెర మీద యజమాని పేరు రాదు, అంకెలే వస్తాయి. ఆ అంకెలు డేటాబేస్‌లో ఎవరి పేరున ఉన్నాయో చూస్తేనే ఇల్లు తెలుస్తుంది. అందుకే చట్టం చిప్‌తో పాటు రికార్డును కూడా అడుగుతుంది. అడ్రసు మారినా, ఫోన్ నంబరు మారినా, పిల్లిని ఇంకొకరికి ఇచ్చినా ఆ వివరాలు మార్పించాలి. బ్రిటన్‌లో ఇలాంటి డేటాబేస్‌లు చాలా ఉన్నాయి. చిప్ వేసిన రోజే ఏ డేటాబేస్‌లో నమోదు చేశారో అడిగి, లాగిన్ వివరాలు తీసుకోండి. ఇల్లు మారినప్పుడు కౌన్సిల్ ట్యాక్స్, కరెంటు ఖాతా మార్పించుకుని దీన్ని మర్చిపోయేవాళ్లు ఉంటారు.

గడప దాటని పిల్లి సంగతి. 2024 జూన్ 10 నుంచి ఇంగ్లండ్‌లో పెంపుడు పిల్లికి 20 వారాలు నిండేలోగా చిప్ ఉండాలి. ఇంట్లోనే ఉంటుందన్న మినహాయింపు లేదు. మనుషులతో అంతగా సంబంధం లేకుండా స్వేచ్ఛగా తిరిగే పొలం పిల్లులకూ వీధి పిల్లులకూ, ఆరోగ్య కారణంగా వద్దని వెట్ (పశువైద్యుడు) రాసిచ్చినవాటికీ మాత్రమే ఉంది. స్కాట్లండ్, వేల్స్‌లకు ఈ పిల్లుల నిబంధన వర్తించదు. కుక్కలకైతే 2016 ఏప్రిల్ 6 నుంచే ఉంది, గడువు 8 వారాలు. చిప్ ఉన్నా సరే, బహిరంగ స్థలంలో కుక్క మెడపట్టీకి యజమాని పేరు, అడ్రసు ఉండాలి. అది 1992 నాటి వేరే ఉత్తర్వు.

జరిమానా నిజమే, "అక్కడికక్కడే" అన్నది కాదు. ముందు నోటీసు ఇస్తారు, 21 రోజుల్లో చిప్ వేయించమంటారు. అప్పటికీ వేయించకపోతే 500 పౌండ్ల వరకు.

ఇండియా చిప్ చెల్లుతుంది, ఐఎస్‌ఓ 11784, 11785 అనే అంతర్జాతీయ ప్రమాణాలకు తగ్గదైతే. కొనేముందు వెట్‌ను ఈ రెండు నంబర్లే అడగండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో తీసుకెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వరుస దగ్గర. ముందు చిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. రెండూ ఒకేరోజు అయినా పర్వాలేదు. చిప్ కన్నా ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాలి. టీకా వేసేనాటికి జంతువుకు కనీసం 12 వారాలు నిండాలి. టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీసి రేబిస్ యాంటీబాడీల పరీక్షకు పంపాలి, ఫలితం మిల్లీలీటరుకు 0.5 ఐయూకి (అంతర్జాతీయ యూనిట్లు) తగ్గకూడదు. రక్తం తీసిన రోజు నుంచి మరో 3 నెలలు ఆగాలి. అంటే ప్రయాణానికి నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి. కుక్కకైతే చేరే ముందు 24 నుంచి 120 గంటల మధ్య టేప్‌వార్మ్ (బద్దెపురుగు) మందు కూడా వేయించాలి.

చిప్ ప్యాకెట్‌లో బార్‌కోడ్ స్టిక్కర్లు వస్తాయి. ఒకటి టీకాల పుస్తకంలో అంటించి, పక్కనే చిప్ వేసిన తేదీ రాయించుకోండి. రక్తం తీసే ముందు స్కాన్ చేయించి, 15 అంకెలూ స్టిక్కర్‌తో పోల్చి చూడండి. చేరాక అదే నంబరును బ్రిటన్ డేటాబేస్‌లో అక్కడి అడ్రసుతో నమోదు చేయించాలి.